ఎవలింటికి బిడ్డా?

మా పీటీ మేడం నారాయణఖేడ్ గల్లీలన్నీ తనే తిరిగి మ్యాపు గీసింది. అది చేతబట్టుకుని, అందులో గుర్తు పెట్టిన చోట్లు వరసగా వెతుక్కుంటూ ఉరకడమే మా ఆట. మనం ఎక్కడుంటే మ్యాపులో అక్కడ బొటనవేలుండాలి. ఆమె వేలు నిద్రలో కూడా మ్యాపు మీంచి లేచేది కాదేమో.

అయినా మాతో ఉరికినప్పుడల్లా ఆమెదే ఆలస్యం. కాగితం పట్టుకుని ఉరికేవాళ్లు దారి తప్పారనుకుని, గడపల్లో కూర్చున్న ముసలమ్మలు "ఎవలింటికి బిడ్డా?" అని ఆపేవాళ్లు. మేడం ఆగి, వేలు తీయకుండానే, ప్రతి ఒక్కరికీ జవాబు చెప్పేది.

"టైం పోతుంది మేడం!"

"అడిగినోళ్లకు జెప్పకుంట ఎట్ల ఉరుకుతమే పిల్లా?"

ఒకసారి హైదరాబాద్ పోటీలో ఆమె అందరికన్నా తక్కువ సమయంలో ముగించింది. నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం మెట్ల మీద కూలబడి, "గన్ని గల్లీలు దిరిగిన. ఒక్కలు గూడ ఎవలింటికని అడగలే" అంది.

తర్వాత ఆ హైదరాబాద్‌కే ఆమెకు బదిలీ అయింది.

నిన్న పాత మ్యాపు పట్టుకుని ఒక్కదాన్నే ఉరుకుతుంటే ఒక ముసలమ్మ ఆపింది.

"ఎవలింటికి బిడ్డా?"

చూసుకుంటే నా బొటనవేలు, ఒకప్పుడు మేడం అద్దెకున్న ఇంటి మీద ఉంది.

జవాబు చెప్పకుండానే ఉరికాను.