నీళ్ళ కింద పొయ్యి

మా మేనత్త పోయిందన్న కబురు నాకు స్కూల్లో ఉండగా తెలిసింది. నరసరావుపేటలో నేను పాఠాలు చెప్పే స్కూల్లో ఫోన్లు బ్యాగులోంచి బయటికి తీయకూడదు. ఆ రోజు ఎందుకో తీసి బల్ల మీద పెట్టుకున్నా. పెట్టీ పెట్టగానే మోగింది. చేసింది కాలనీలో అత్త ఎదురింట్లో ఉండే ఆవిడ. వరసకు నాకు పిన్ని.

"మీ అత్త పోయిందమ్మా. పొద్దున పాలు కాచుకుంది. గిన్నె దించింది, స్టవ్ ఆపింది. వచ్చి గడపలో కూర్చుంది. నేను పలకరిస్తే పలకలా," అంది. "స్టవ్ ఆపే పోయింది," అని మళ్ళీ అంది.

మనిషి పోయిన కబురు చెబుతూ స్టవ్ సంగతి రెండుసార్లు చెప్పడం మీకు వింతగా అనిపించవచ్చు. నాకు మాత్రం గుండెలో బరువు దిగినట్టయింది. అదెందుకో చెప్పాలంటే మా అత్త పొయ్యి గురించి చెప్పాలి.

అత్తది కృష్ణ ఒడ్డు ఊరు. దిగువన ఆనకట్ట కట్టాక ఆ ఊరు నీళ్ళలో మునిగిపోయింది. ఊరివాళ్ళకు మాచవరం దగ్గర కాలనీ వేసి ఇళ్ళు ఇచ్చారు. మామయ్య అప్పటికే లేడు, పిల్లల్లేరు. అత్త ఒక్కతే. మనిషి పొట్టి, నోరు పెద్దది. నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళికొడుకు బిడియంగా తల దించుకుని కూర్చుంటే, "అబ్బాయి మాట్లాడడేంది, నోరు ఇంటికాడ పెట్టొచ్చాడా?" అని వాళ్ళమ్మ ముందే అడిగింది. ఆ అబ్బాయినే చేసుకున్నా. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మా ఆయన చెవులు ఎర్రబడతాయి.

ఊరు ఖాళీ చేసిన రోజు సామాను సర్దడానికి నేనూ వెళ్ళా. అప్పటికి డిగ్రీ చదువుతున్నా. వీధి మొత్తానికి ఒకటే లారీ మాట్లాడుకున్నారు. వాన పడుతోంది. సామాను మోసేవాళ్ళకు ఇంత అన్నం పెట్టి పంపుదామని అత్త పొయ్యి మీద ఎసరు పెట్టింది. ఈలోగా వాగు పొంగేట్టుందని డ్రైవర్ హారన్ మీద హారన్ కొట్టాడు. "రెండో ట్రిప్పుకు వస్తాంగా, అప్పుడు ఆర్పుతాలే," అని అత్త లారీ ఎక్కింది.

మా వైపు ఇల్లు మారేటప్పుడు ఒక పద్ధతి ఉంది. పాత ఇంటి పొయ్యిని ఆ ఇంటి ఆడమనిషే తన చేత్తో ఆర్పాలి. నీళ్ళు చల్లి, పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టుకోవాలి. ఆ తర్వాతే కొత్తింట్లో పాలు పొంగించుకోవడం. అత్తకు ఆ రోజు అది కుదరలేదు. లారీ రెండో ట్రిప్పు వెళ్ళలేదు. వాగు రోడ్డెక్కింది. వాగు తగ్గేసరికి ఏటి నీళ్ళు వీధిలోకి వచ్చేశాయి.

కొత్తింట్లో అత్త పాలు పొంగించలేదు. మా నాన్న గ్యాస్ స్టవ్ కొనిపెడితే దాన్ని రోజూ శుభ్రంగా తుడిచి గుడ్డ కప్పేది. వంట మాత్రం బయట దొడ్లో, మూడు రాళ్ళ మీద. వానొస్తే అటుకులు నానబెట్టుకుని తినేది. "నేను ఇక్కడికి చుట్టంగా వచ్చా. చుట్టాలెవరన్నా ఇంట్లో పొయ్యి అంటిస్తారటే?" అనేది నాతో.

మా నాన్న ఓసారి విసుక్కున్నాడు. "ఊరే లేదు, ఇంక పొయ్యి యాడుంది అక్కా? అన్ని నీళ్ళు మీద పడితే ఆరకుండా ఉంటదా?"

"నీళ్ళు పడితే పడ్డయ్యిరా. నేను ఆర్పలా," అంది అత్త.

పాత ఇంట్లో నట్టింట్లో నిట్టాడు ఉండేది, పైకప్పు మోసే కొయ్య స్తంభం. కాలనీ ఇల్లు స్లాబు ఇల్లు, గది మధ్యలో ఏమీ లేదు. అయినా అత్త ఆ ఖాళీని చుట్టి నడిచేది. చేతిలో నీళ్ళ చెంబున్నా, ఎంత తొందరలో ఉన్నా, గది మధ్యకు రాగానే పక్కకు జరిగి, దాటాక మళ్ళీ తిన్నగా పోయేది. కొన్నాళ్ళకు నేనూ అలాగే నడవడం మొదలుపెట్టా. ఓసారి మా ఆయన చూసి, "అక్కడేముంది?" అని అడిగాడు.

ఇంకో సంగతి. శ్రావణంలో ముసురు పట్టి మూడు రాళ్ళూ నాచు పట్టిపోయి ఉన్న రోజుల్లో ఒక మధ్యాహ్నం వెళ్ళా. అత్త నిద్రలేచి కూర్చుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నీళ్ళు కారుతున్నాయి. "ఏం లేదే, పచ్చి కట్టెలు. ఒకటే పొగ," అంది. ఇంట్లో పుల్ల వెలిగించి ఎన్ని రోజులైందో. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే ఆ కొంగు నుంచి పొగ వాసన వచ్చింది. నేను పిరికిదాన్నేం కాదు. కానీ ఆ రోజు ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ అయినా తాగకుండా బస్సెక్కా.

ఆ ముసురులోనే అత్తకు ఊపిరితిత్తులకు నెమ్ము చేసింది. గురజాలలో డాక్టరు మందులిచ్చి, "ఇట్లా వానలో తడుస్తూ వండుకుంటే, ఇంకో వానాకాలం దాటదమ్మా," అని నాకు విడిగా చెప్పాడు. మా ఇంటికి రమ్మన్నా. రానంది. ఇంట్లోనే వండుకోమన్నా. వినలేదు. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి, నా కళ్ళ ముందు ఒక లేని పొయ్యి కోసం ప్రాణం తీసుకుంటోంది.

ఆ తర్వాతి ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గాయి. మునిగిన ఊళ్ళ మొండిగోడలు బయటపడ్డాయని బస్సులో ఎవరో అనుకుంటుంటే విన్నా. మర్నాడు స్కూటీ మీద కాలనీకి వెళ్ళేసరికి అత్త పసుపు, కుంకుమ పొట్లాలు కట్టుకుని, చెంబులో కాలనీ కుళాయి నీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉంది.

"నువ్వు తీసుకుపోతావా, నన్ను నడిచి పొమ్మంటావా?"

వెనక ఎక్కించుకున్నా. రోడ్డు ఆగిపోయిన చోట బండి ఆపి దిగి నడిచాం. ఒండ్రు పైపైన ఎండి పెళ్ళలు పెళ్ళలుగా లేచింది. ఆకుల్లేని చింతచెట్లు తెల్లగా నిలబడి ఉన్నాయి. కాలి కింద నత్తగుల్లలు చిట్లుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు, ఒక పిట్ట కూతైనా లేదు. వెనక్కి చూస్తే మా ఇద్దరి అడుగులే ఉన్నాయి. ముందు ఎవరివీ లేవు.

వీధుల జాడ లేదు. అత్త మాత్రం తడుముకోలేదు. మలుపులు తిరుగుతూ, ఎవరి అరుగు తగులుతుందోనన్నట్టు చీర కుచ్చిళ్ళు పట్టుకుని నడిచింది. మోకాలెత్తు మిగిలిన గోడల దగ్గర ఆగింది. నేను గోడ దాటి లోపలికి వెళ్ళబోయా.

"గోడ దూకుతావేందే, దొంగదాని మాదిరి? వాకిలి ఇటుంది," అంది. చెప్పులు విడిచి, లేని గడప దాటి లోపలికి పోయింది. నట్టింట్లో పక్కకు జరిగి నడిచింది. నేనూ జరిగా.

వంటింటి మూల కూర్చుని చేత్తో మట్టి తీయడం మొదలుపెట్టింది. పైన ఒండ్రు ఎండిపోయి ఉన్నా, లోపల తడిగా, చల్లగా ఉంది. మోచేతి దాకా పోయాక అత్త చెయ్యి ఆగింది. నా చెయ్యి పట్టుకుని ఆ గుంటలో పెట్టింది. వేళ్ళకు తగిలింది మట్టి కాదు. మెత్తని, పొడి బూడిద. వెచ్చగా ఉంది.

"ఎండకు అత్తా," అన్నా.

"ఎండకేలేవే," అంది, చిన్నపిల్లలకు సర్దిచెప్పినట్టు.

చెంబులో నీళ్ళు పోసింది. అప్పుడొచ్చిన చప్పుడు గురించి మా ఆయనకు కూడా చెప్పలేదు, ఇక్కడే మొదట రాస్తున్నా. తడి మట్టిలో నీళ్ళు పోస్తే ఆ చప్పుడు రాదు. నిప్పు మీద పోస్తే వస్తుంది. అత్త పసుపు పెట్టి, కుంకుమ పెట్టి, దండం పెట్టుకుంది. ఏడవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి, "పదవే, చీకటి పడకముందే పోవాలి. మాచవరంలో పాలు దొరుకుతయ్యా?" అంది.

ఆ సాయంత్రం స్టవ్ మీది గుడ్డ తీసింది. పాలు పొంగి గట్టంతా కారుతుంటే చూస్తూ నవ్వింది. తర్వాత గిన్నె పట్టుకుని గది మధ్యలోంచి తిన్నగా నడిచి నా దగ్గరికి వచ్చింది. నేను మాత్రం ఇప్పటికీ ఆ ఇంట్లో పక్కకు జరిగే నడుస్తా.

ఆ ఒక్క పూట ప్రయాణంతో అత్త ఉండే చోటు మారింది. అప్పటిదాకా 'మీ కాలనీ' అనే మనిషి 'మా ఊరు' అనడం మొదలుపెట్టింది. దొడ్లో ములగచెట్టు వేసింది. మురుగుకాలవ బాగుచేయలేదని వార్డు మెంబరును వీధిలో నిలబెట్టి కడిగేసింది. చాలా వానాకాలాలు దాటింది. మేం గురజాల నుంచి నరసరావుపేటకు ఇల్లు మారినప్పుడు నేను దిగులుగా ఉంటే, నన్ను వెనక్కి తీసుకెళ్ళి, ఆ అద్దింటి వంటగట్టుకు బొట్టు పెట్టించింది. "ఆర్పి వస్తేనే వచ్చినట్టు. లేకపోతే కాళ్ళే వస్తయ్, మనిషి రాదు," అంది. ఆ మాట నాకు చాలాసార్లు అక్కరకొచ్చింది. అత్తా, నీ రుణం తీరేది కాదు.

మొన్న దినం అయ్యాక, భోజనాలు ముగిసి చుట్టాలు వెళ్ళిపోయాక, ఎదురింటి పిన్ని నా పక్కన వచ్చి కూర్చుంది.

"మీ అత్త చెప్పింది, నువ్వు తీసుకుపోయావంట," అంది. "మళ్ళా నీళ్ళు తగ్గితే నన్ను కూడా తీసుకుపోతావా? ఆ రోజు మా వీధంతా ఆ లారీ రెండో ట్రిప్పు కోసమే చూశాం. నాదీ ఆర్పలా."

తప్పకుండా తీసుకుపోతానన్నా. ఇంకేమనగలను?

సాయంత్రం బయల్దేరడానికి బయటికి వచ్చి స్కూటీ తీశా. వీధి పొడుగునా గడపల్లో ముసలమ్మలు నిలబడి ఉన్నారు. నేను ఒక్కో ఇల్లూ దాటుతుంటే నా మొహం వంక కాదు, నా వెనక ఖాళీగా ఉన్న సీటు వంక చూస్తున్నారు.