మందిరంలో లేచి నిలబడిన దీనమ్మ

దీనమ్మ పెద్దమ్మ ఇక లేదన్న దుర్వార్త పదకొండు రోజుల క్రితం తర్లుపాడు నుంచి ఫోనులో వచ్చింది. "పెద్దమ్మ పోయింది పాపా. తెల్లవారుజామున ఊపిరాడలేదు" అని ఆమె కోడలు చెప్పి ఫోను పెట్టేసింది. ముప్పై ఏళ్ళు పలకల ఫ్యాక్టరీలో పీల్చిన రాతి దుమ్మే ఆ మహాతల్లి ప్రాణం తీసింది. ఊహించని మరణం కాదు. అయినా నా మనస్సు నేటికీ అంగీకరించడం లేదు.

ఆమె నాకు రక్తబంధువు కాదు. నేను తీసిన ఒకే ఒక్క చిన్న సినిమాలో తల్లి వేషం కట్టిన మనిషి. పలకల ఫ్యాక్టరీలో పనిచేసే ఇద్దరు యువతులు ప్రేమించుకుంటారు. ఇంటి అప్పుల కోసం ఒకరికి పెళ్ళి కుదిర్చి ఇద్దరినీ విడదీస్తారు. ఈ కథ విని ఇద్దరు నటీమణులు తల్లి వేషం మాకొద్దన్నారు. పెద్దమ్మ మాత్రం సాంతం విని, "ఇద్దరూ ఆడపిల్లలైతే ఏంది? తాగొచ్చి తన్నుకోరు గదా" అన్నది. ఏడ్చే సన్నివేశానికి గ్లిజరిన్ ఇస్తే వాసన చూసి పక్కన పెట్టేసింది. "నా మొగుణ్ణి తలుచుకుంటే చాలులే" అని, అన్నట్టే ధారగా ఏడ్చింది.

మా క్రైస్తవ సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు పాస్టరుగారు జంట పేర్లు ప్రకటించి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని అడుగుతారు. ఎవరూ లేవరు. అది ఆనవాయితీ. ఆ సన్నివేశాన్ని నిజమైన మందిరంలో, నిజమైన పాస్టరుగారితో, ఊరి సంఘాన్నే కూర్చోబెట్టి తీయాలనుకోవడం నా పొరపాటు. తల్లి తలవంచుకుని కూర్చోవాలి. పాస్టరుగారు అడగ్గానే పెద్దమ్మ లేచింది.

"నాకుంది అయ్యగారూ. నా బిడ్డకు ఈ పెళ్ళి ఇష్టం లేదు."

"ఏంది పెద్దమ్మా, నువ్వు కూర్చోవాల గదా!" అని అరిచాను.

"గుడిలో అడిగినాడు గదా పాపా. తెలిసి ఊరుకుంటే దేవుని ముందర అబద్ధమాడినట్టే."

"ఇది సినిమా."

"సినిమా నీది. గుడి మాది."

మళ్ళీ తీస్తే మళ్ళీ లేచింది. చదువురాని వాళ్ళతో సినిమాకు దిగడం నా బుద్ధితక్కువని అందరి ముందూ నోరు పారేసుకున్నాను. ఆమెను ఇంటికి పంపి, ఆ రంగు చీరే ఇంకొకరికి కట్టించి వెనుక నుంచి తీశాను. చూసినవాళ్ళు ఆ తల్లి మౌనం అద్భుతమని మెచ్చుకున్నారు. పెద్దమ్మ సినిమా మొత్తం చూసి, "ఆ వీపు నాది కాదు" అని మాత్రం అన్నది.

నిజానికి నా కోపం ఆమె మీద కాదు. గిద్దలూరులో మా వినీల పెళ్ళి ప్రకటన చదివిన మూడు ఆదివారాలూ నేను ఆ మందిరంలోనే ఉన్నాను. డిగ్రీ నాటి నుంచి ఐదేళ్ళు ఒకరికొకరం ప్రాణంగా బతికాం. బోర్లు ఎండిపోయి వాళ్ళ నాయన అప్పులపాలైతే, ఆ అప్పు తీరుస్తామన్న ఇంటికి ఆమెను ఇచ్చేశారు. అడిగిన ప్రతిసారీ నేను తల వంచుకున్నాను. పెద్దమ్మకు ఒకనాడు ఇదంతా చెప్పి ఏడ్చాను. ఆమె నన్ను తిట్టలేదు. "అప్పుడు లేవలేకపోయినావు. సరే. నీ ప్రకటన చదివే రోజు కబురు పెట్టు, నేనొస్తా" అన్నది. నన్ను నన్నుగా ఎరిగి ఇంత మాట అన్న మనిషి నా జీవితంలో మరొకరు లేరు.

సినిమాకు డబ్బు పెట్టింది మా మేనమామ. ఇప్పుడు తన కొడుకుకు నన్ను చేసుకుంటానన్నాడు. "ఆయన డబ్బుతో సినిమా తీసినావు. ఇప్పుడు కాదంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాల?" అన్నాడు నాయన. ప్రకటన రోజు ఖాయం కాగానే పెద్దమ్మకు కబురు పెట్టాను. పెద్దమ్మ ఆక్సిజన్ మీద ఉండి కూడా వస్తానంది. గురువారం కన్నుమూసింది. శుక్రవారం మట్టి చేశాం. ఆదివారం గిద్దలూరు మందిరంలోనే నా మొదటి ప్రకటన చదివారు. అభ్యంతరం ఉందా అని అడిగినప్పుడు నేను తలుపు వైపు చూశాను. ఎవరూ రాలేదు. రారని తెలుసు.

అక్షరం ముక్క రాని ఆ తల్లికున్న సత్యనిష్ఠలో నాకు వీసమైనా లేదని ఆ వారమంతా కుమిలిపోయాను. నిన్న రెండో ప్రకటన చదివారు. నేనే లేచాను. నాకు ఇష్టం లేదని చెప్పాను. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు.

ఈ సంగతి వెంటనే ఒక మనిషికి చెప్పాలనిపించింది. మందిరం నుంచి నేరుగా వెళ్ళి మార్కాపురం బస్సెక్కి, తర్లుపాడుకు టికెట్ తీసుకున్నాను. బస్సు గిద్దలూరు దాటాక గానీ, అక్కడ పెద్దమ్మ లేదన్నది గుర్తు రాలేదు.