గట్టు మీది రత్నపురుష

చిన్నప్పుడు అమ్మ వెంట మిరపచేలో కలుపుకి వెళ్ళేదాన్ని. మిరప మొక్క కానిదల్లా కలుపే, పీకి పారెయ్యడమే. గట్టు మీది ఒక్క మొక్కకే అమ్మ పేరు చెప్పింది, రత్నపురుష అని. జానెడు మొక్క. పువ్వుకి పెద్ద రేకు ఒకటే, లేత ఊదారంగులో నాలుక చాపినట్టు వేలాడుతుంది. పొద్దున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. "దాన్ని తొక్కమాక," అనేది అమ్మ. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు.

యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఒక మొక్కల పుస్తకం కూడబలుక్కుంటూ చదువుతుంటే దాని బొమ్మ కనిపించింది. చల్లటి ప్రాంతాల తోటల్లో పెంచే వయొలెట్ పూలకీ దీనికీ చుట్టరికమట. ఏళ్ళ తరబడి బతుకుతుందట. గట్టుకి వెళ్ళి చూస్తే మా చేను మొత్తానికి రెండే మిగిలాయి. కూలీలు దొరక్క అందరూ కలుపు మందే కొడుతున్నారు. పైగా ఆ చేను కౌలుకి ఇచ్చేశాం. వచ్చే పంటకి ఆ రెండూ ఉండవని తెలిసిపోయింది.

ఒకదాన్ని తవ్వి తెచ్చి, మిరపనారు నాటినట్టే ఇంట్లో నాటాను. దాని వేరు లోతుగా దిగి ఉంటుంది. సగంలోనే తెగింది, మొక్క వాడిపోయింది. రెండోదాని దగ్గర విత్తనం కోసం కాచుకున్నాను. కాయ ఎండగానే చిట్లి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. అందుకని పచ్చిగా ఉన్నప్పుడే పలచటి పాత చీర ముక్క వదులుగా కట్టాను. దొరికిన గింజల్లో సగం పశువుల ఎరువు వేసిన మట్టిలో చల్లి రోజూ నీళ్ళు పోశాను. అవి కుళ్ళిపోయాయి. మిగతా సగం గట్టు మట్టిలో ఇసుక కలిపి, పైపైన చల్లి, కుండీని ఎండలో పెట్టాను. ఒకే ఒక్కటి మొలిచింది. మళ్ళీ కదిలించలేదు. మట్టి బాగా ఆరాకే నీళ్ళు పోశాను. ఈలోగా గట్టు మీద మందు పడింది. ఇక ఉన్నది ఆ కుండీలోదే.

ఎండాకాలంలో పక్కింటి వదిన వచ్చింది. ఒకే ముఠాలో ఏళ్ళ తరబడి కలుపు తీసినవాళ్ళం. కుండీ పక్కన మెట్టు మీద కూర్చుని కోడలి సంగతులు చెబుతోంది. చూసేసరికి మొక్క ఆమె చేతిలో ఉంది.

"ఏంది వదినా, పీకేశావా?"

ఆమె చేతిలోకి చూసుకుంది. "కుండీలో కలుపు పెరగనిచ్చావేందే, సిగ్గులేకుండా?"

"అది పెంచుకుంటున్నదే."

"కలుపునా?"

సంగతంతా చెప్పాను. ఆమె మొహం చిన్నబోయింది. "మాటల్లో ఉంటే ఈ చెయ్యి ఊరుకోదే. దాని పని అది చేసుకుపోద్ది."

కోపం రాలేదు. చదువుకోవడానికి అరుగు మీద కూర్చున్నప్పుడు నేనూ రాళ్ళ సందుల్లో గడ్డి పీకుతూనే ఉండేదాన్ని. పేరు తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ చెయ్యి వేరు చెయ్యదు. కానీ ఆ సాయంత్రం అమ్మ చాలాసేపు గుర్తొచ్చింది. కుండీని మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు.

తొలకరి పడ్డాక మట్టిలోంచి రెండు చిగుళ్ళు వచ్చాయి. వేరు లోపలే ఉండిపోయింది. వదినని కేకేశాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె వంగి చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"నేను వేరు వదిలేశానా?"

"వదిలేశావు."

ముఠాలో ఎవరైనా తల తెంపి వేరు వదిలేస్తే చేను దద్దరిల్లేట్టు ఎగతాళి చేసేది ఆమే.

"నీళ్ళు పొయ్యకుండా మట్టిని రాయి చేశావు. తడిగా ఉంటే వదిలేదాన్నా?"

"ఎందుకు వదులుతావు వదినా."

"ముఠాలో చెప్పమాక."

చెప్పలేదు. ఇప్పుడు వచ్చినప్పుడల్లా కుండీకి దూరంగా, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటోంది. నిన్న కాయలకి చీర ముక్క కడుతుంటే మాత్రం దగ్గరకొచ్చి, నా ముడి విప్పేసి, తనే మళ్ళీ వేసింది.