శాంతయ్య అంటించిన చీటీ

నాకు ఎవరినీ నమ్మే అలవాటు లేదు. దాచుకునేదేముంది, ఊరందరికీ తెలిసిందే. పాలవాడు చెంబు వంచితే నేను పాల వైపు చూడను, కొలత గ్లాసులో మునిగిన వాడి బొటనవేలు వైపు చూస్తాను. బస్సు కండక్టరు నవ్వుతూ పలకరిస్తే ఈ బస్సు దారిలో ఆగిపోతుందని ముందే అనుకుంటాను. మా ఆవిడ వెంకాయమ్మ, "మీ నీడని కూడా ముందు నడిపించి వెనకనుంచి కాపలా కాస్తారు," అంటుంది. అననివ్వండి. అనుమానం వల్ల నేను చాలాసార్లు బాగుపడ్డాను. ఒక్కసారి చెడింది. అప్పుడు కూడా చెడిపోయింది నేను కాదు, శాంతయ్య. ఇది అతని కథ.

శాంతయ్యది పెనుగొలను. వాళ్ల నాన్న యోసేపు మా చేలో పాలేరు. కుర్రాడు మిషన్ హాస్టల్లో ఉండి పదో తరగతి దాకా చదివాడు. బెజవాడలో ఒక రేడియో షాపులో నాలుగేళ్లు పని నేర్చుకుని డెబ్బై రెండులో తిరిగొచ్చాడు. తిరువూరు బస్టాండుకి ఎదురుగా నాకు వరసగా మూడు గదులున్నాయి. చివరిది అద్దెకి కావాలని వచ్చాడు. మా పాలేరు కొడుకు రేడియోలు విప్పడమేంటని నాకు అప్పుడే ఒక అనుమానం. నేను కాదంటే బస్టాండు చుట్టుపక్కల అతనికి గది ఇచ్చేవాడు ఇంకెవడూ లేడు. అది అతనికీ తెలుసు, నాకూ తెలుసు. యోసేపు మొహం చూసి ఇచ్చాను.

సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కొసలు చెక్కిన వెదురు పుల్లలు నాలుగు ఉండేవి. పని ఎంత బాగా చేసేవాడో మాట అంత తక్కువ. అదే నాకు నచ్చేది కాదు. "వాగేవాణ్ణి నమ్మినా నమ్మొచ్చు గానీ నోరు మెదపనివాణ్ణి నమ్మకురా ఆదిశేషయ్యా," అని మా నాయన చెప్పేవాడు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. రేడియో గానీ గడియారం గానీ బాగుకి ఇస్తే వదిలేసి రాకూడదు. అసలు పార్టు కాజేసి తుక్కు పార్టు వేస్తారని అందరికీ భయం. ఎదురుగా కూర్చుని, వెనక మూత బిగించేదాకా కళ్లార్పకుండా చూసి తెచ్చుకోవాలి. అందుకని ఆ గది ముందు బల్ల నేనే వేయించాను. శాంతయ్య కూడా ఊడదీసిన పాత పార్టుని కాగితంలో చుట్టి చేతికిచ్చేవాడు. మంచివాడైతే అంత మంచితనం చూపించుకోవాల్సిన అవసరమేంటని నాకు ఆ పొట్లం మీద కూడా అనుమానమే.

డెబ్బై ఆరు ఎండాకాలంలో నా మూడు బ్యాండ్ల ట్రాన్సిస్టరు మూగబోయింది. శాంతయ్య విప్పి చూసి, "బ్యాటరీ రసం కారి బోర్డు తినేసిందండి," అన్నాడు. బోర్డంటే లోపల పార్టులన్నీ అతికించి ఉండే అట్టలాంటి పలక. నా సెట్టుకి సరిపోయే కంపెనీ బోర్డు ఇప్పుడు రావడం లేదట. వేరే రకం వెయ్యాలట. వేస్తే చాలదు, కొత్త బోర్డునీ పాత సెట్టునీ ఒకదానికొకటి మాలిమి చెయ్యాలట. బస్సులో బెజవాడ పోయి తెచ్చాడు. నేను ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా బల్ల మీద కూర్చున్నాను.

బోర్డు అతికించడానికి గంట కూడా పట్టలేదు. తర్వాతే అసలు తంతు. ఆ బోర్డు మీద నాలుగు చిన్న రేకు డబ్బీలు, వాటి నడినెత్తిన ఎరుపు, పసుపు, తెలుపు, నలుపు రంగుల స్క్రూలు. శాంతయ్య కళ్లు మూసుకుని, వెదురు పుల్లతో ఒక్కోదాన్ని వెంట్రుకవాసి తిప్పుతూ విన్నాడు. ముందు గరగర. తర్వాత ఎక్కడో బావిలో మాట్లాడుతున్నట్టు ఒక గొంతు. చివరికి విజయవాడ స్టేషను పక్కింట్లో ఉన్నట్టు పలికింది. అప్పుడు ఆ నాలుగింటి మీదా అడ్డంగా ఒక కాగితం చీటీ జిగురుతో అంటించి, దాని మీద తేదీ వేశాడు.

"ఈ చీటీ కింద ఉన్నవాటి జోలికి ఎవరూ పోకూడదండి, బాబుగారూ," అన్నాడు.

జోలికి పోవద్దన్నాడంటే అక్కడేదో ఉంది. ఇంటికొచ్చి అన్నం తిన్నాను. రేడియో చక్కగా వార్తలు చెబుతోంది. నా చెవికి ఆ వార్తలు కావు, ఆ చీటీ వినిపిస్తోంది. మంచం మీద గుడ్డ పరిచి, స్క్రూడ్రైవరు తీసుకుని మూత విప్పాను.

"పలికేదాన్ని విప్పడమేంటండీ?" అంది వెంకాయమ్మ.

"నీకు తెలీదు, ఊరుకో," అన్నాను.

చీటీ చింపాను. స్క్రూడ్రైవరు ఆనించానో లేదో ఎర్ర స్క్రూ గిర్రున తిరిగింది. పసుపుదీ అంతే. నాలుగూ వదులే! దొరికావురా అనుకున్నాను. నెల తిరక్కుండా చెడిపోయి మళ్లీ తన దగ్గరికే రావాలని స్క్రూలు బిగించకుండా వదిలేశాడన్నమాట. ఎద్దుబండి చక్రానికి శీల బిగించినట్టు నాలుగూ ఆఖరిదాకా బిగించి మూత వేశాను. వేసి మీట తిప్పితే ఏముంది, ఉత్త బుస్సుమన్న గాలి.

నిజం చెబుతున్నాను, నేను చెడగొట్టానని నాకు ఆ క్షణాన తట్టనే లేదు. బిగిస్తే చెడిపోయే వస్తువు ఎక్కడన్నా ఉంటుందా? తుక్కు బోర్డు వేశాడు, ఒక్క పూటకే చచ్చింది, అంతే అనుకున్నాను. ఒళ్లు మండిపోయింది.

మర్నాడు పొద్దున్నే పోయాను. పత్తి గింజలకీ ఎరువులకీ జనం దిగే రోజులు, బస్టాండంతా కిటకిట. రేడియో అతని ముందు పడేసి, "నా అసలు బోర్డు ఎవరికమ్మావురా? మంచిదాన్ని చెడిందని చెప్పి తుక్కు అంటగడతావా?" అని అరిచాను. పాత బోర్డు పొట్లం కట్టి నాకే ఇచ్చాడని, అది మా ఇంటి అటక మీదే ఉందని ఆ కోపంలో గుర్తులేదు. అరుపుకి జనం మూగారు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం మా జనం. ఒకడు, "మా బావమరిది టార్చిలైటు కూడా ఇక్కడ ఇచ్చాకే పోయింది," అన్నాడు. రిటైరైన హెడ్మాస్టరు సీతారామారావు, "నా సెట్టు కూడా ఇతను బోర్డు మార్చాక వారం తిరక్కుండా గరగర మొదలెట్టింది," అన్నాడు. మాష్టారే అన్నాక ఇంకేం కావాలి? నిప్పు లేందే పొగ రాదన్నారు అందరూ.

శాంతయ్య మూత విప్పాడు. చిరిగిన చీటీ చూశాడు. అందులో సగం నలుపు డబ్బీ మీద, సగం తెలుపు డబ్బీ మీద వేలాడుతోంది. తలెత్తి నన్ను చూశాడు.

"దీన్ని ఇంటి దగ్గర ఎవరన్నా విప్పారాండీ?"

అందరూ నా వైపు తిరిగారు. విప్పానంటే తప్పేం లేదు, కానీ ఆ మాట అడుగుతున్నది మా పాలేరు కొడుకు, చుట్టూ వందమంది.

"నా ఇంట్లో ఎవరు విప్పుతార్రా? నన్నే అనుమానిస్తావా?" అన్నాను.

అతను జేబులోంచి వెదురు పుల్ల తీసి వంగాడు. పావుగంట. అరగంట. గంటకి విజయవాడ స్టేషను మళ్లీ పక్కింట్లోంచి పలికింది. హమ్మయ్య, నిజం తేలిపోయిందనుకుంటాడు ఎవడన్నా. మా ఊళ్లో అట్లా తేలలేదు. "చూశారా? గట్టిగా నిలదీసేసరికి ఎట్టా బాగుచేశాడో! అసలుది మళ్లీ లోపల పెట్టేసుంటాడు," అన్నారు. బాగు చెయ్యకపోతే చేతకానివాడు, చేస్తే దొంగ. నేను అదే ఊపులో, "నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి," అన్నాను.

"అట్టాగేనండి," అన్నాడు. కొత్త చీటీ అంటించి, తేదీ వేసి, రేడియో నా చేతికిచ్చాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా గొప్పగా చెప్పుకున్నాను. వెంకాయమ్మ బియ్యం ఏరుతూ విని, చేట కింద పెట్టింది.

"మరి నిన్న స్క్రూడ్రైవరు పట్టుక్కూర్చుంది ఎవరండీ? ఆ పిల్లోడు దొంగా, మీరా?"

ఆవిడ మాట కూడా నేను నమ్మలేదు. పరీక్ష చేసి చూద్దామనుకున్నాను. తడికలోంచి వెదురు పుల్ల విరిచి చెక్కాను. ఈసారి చీటీ చింపలేదు, తడిపి మెల్లగా లేపాను. రేడియో పలుకుతూండగా పసుపు స్క్రూని పావు చుట్టు బిగించాను. గొంతు బావిలోకి దిగిపోయింది. వెనక్కి తిప్పాను. పైకొచ్చింది. మళ్లీ బిగించాను, మళ్లీ పోయింది. అవి బిగించే స్క్రూలు కావు. వదులుగా ఉండాల్సిన చోటే వదులుగా ఉన్నాయి. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గులో భయం కూడా వేసింది. చిరిగిన చీటీ చూసినవాడికి నేనే విప్పానని అప్పుడే తెలిసుండాలి. తెలిసీ నోరు మూసుకున్నాడంటే ఏం పన్నాగం పన్నుతున్నాడో!

నాలుగు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగి, ఐదోరోజు పోయాను. శాంతయ్య పార్టులన్నీ బిస్కెట్ల డబ్బాల్లో సర్దుతున్నాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"చెబితే ఎవరు నమ్ముతారండీ? చీటీ చూపిస్తే నేనే చింపుకున్నానంటారు. మిమ్మల్ని అబద్ధమాడారని నలుగుర్లో అని, ఈ ఊళ్లో నేనెట్టా బతకాలండీ? మా నాన్న మీ చేలోనే ఉన్నాడు."

పన్నాగం ఏమీ లేదు. నేనంటే భయం ఉంది, అంతే.

"గది ఖాళీ చెయ్యక్కర్లేదు. ఉండు," అన్నాను.

"గది ఉంటే సరిపోదు కదండీ, రేడియోలు రావాలి. మీరు బోణీ చేసిన మాట మీరే తీసెయ్యాలి. నలుగుర్లో ఒక్కసారి చెప్పండి, చాలు."

చెబుదామనే పోయాను. టీ కొట్టు దగ్గర అందరూ ఉన్నారు. నోరు తెరిస్తే, "శాంతయ్య పనోడే లెండి," అన్న మాటొక్కటి వచ్చింది. పామూ చావలేదు, కర్రా విరగలేదు. నెలాఖరు దాకా అతని బల్ల మీద ఒక్కడూ కూర్చోలేదు. ఒకటో తారీఖున డబ్బాలు బస్సు టాపు మీద వేసుకుని గంపలగూడెం వెళ్లిపోయాడు. మరుసటి ఏడు యోసేపు కూడా మా చేలో మానేశాడు.

మూడేళ్లు గడిచాయి. ఈ ఎండాకాలం నా రేడియో మళ్లీ ఆగింది. బెజవాడ తీసుకెళ్లొచ్చు. కాళ్లు గంపలగూడెం బస్సెక్కాయి. అక్కడ ఒక పెంకుటింటి వసారాలో పనిచేసుకుంటున్నాడు. కణతల దగ్గర అప్పుడే జుట్టు నెరిసింది. రేడియోలు మూడో నాలుగో ఉన్నాయి, అంతే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి బాబుగారూ. ఇక్కణ్ణించి బాగా కనిపిస్తది," అంటూ బల్ల జరిపాడు.

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. బల్లని రోడ్డు వైపు తిప్పుకుని, అతనికి వీపు పెట్టి కూర్చున్నాను. నా జన్మలో ఒక మెకానిక్కుకి వీపు పెట్టడం అదే మొదలు. వీపంతా జిలగా ఉంది, మెడ తిప్పకుండా ఉండటానికి బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాను. వసారాలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లతో అన్నాను: "నేను తిరువూరు ఆదిశేషయ్యని. మూడేళ్ల కిందట ఈ రేడియో చెడగొట్టింది నేనే. దొంగతనం శాంతయ్య మీద వేశాను."

వెనకనుంచి శాంతయ్య గొంతు నెమ్మదిగా వచ్చింది.

"ఇక్కడ నన్నెవరూ దొంగనలేదండి, బాబుగారూ. ఆ మాట తిరువూర్లో చెప్పాలి."

తిరువూరులో బస్సు దిగి తిన్నగా టీ కొట్టుకి పోయాను. పక్కన శాంతయ్య గదిలో ఇప్పుడు టైలరు ఉన్నాడు. కొట్టు దగ్గర అందరూ పాతవాళ్లే. ఈసారి నోరు తడబడకుండా మొత్తం చెప్పాను. చీటీ చింపింది, స్క్రూలు బిగించింది, వందమంది ముందు అబద్ధమాడింది, అన్నీ.

ఒకటే నవ్వు.

"గంపలగూడెం నుంచేగా రావడం? ఏం మందు పెట్టాడు బాబాయ్ నీకు?" అన్నాడొకడు. "వాడే బతిమాలి చెప్పించుంటాడు," అన్నాడు ఇంకొకడు. అనుమానించడం వాళ్లకి నేర్పింది నేనేగా. ఎంత మొత్తుకున్నా ఒక్కడు నమ్మితే ఒట్టు. ఏడుపొచ్చినంత పనైంది.

నవ్వనివాడు ఒక్కడే, సీతారామారావు మాష్టారు. గ్లాసులో టీ చల్లారిపోతోంది, తాగటం లేదు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"మాష్టారూ, మీ సెట్టు గరగర అప్పటి మాటే కదా. దాని మీద కూడా చీటీ అంటించాడా?"

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆ స్క్రూలు వదులుగా ఉన్నాయి కదయ్యా," అన్నాడు.