ఎడమ చక్రం

మొన్న మా ఊరు నేవన్‌లో కారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు, కాలిన బ్రేకు వాసన తగలగానే నా ఏడేళ్ళ వయసులోని ఒక మధ్యాహ్నం గుర్తొచ్చింది.

అమ్మ బోమాంట్ ఆసుపత్రిలో ఉంది. మూడింటికి ఆపరేషన్. ఆలోపే అమ్మను చూడాలని నాన్నా నేనూ బయలుదేరాం. వెనక సీట్లో ఎడమవైపు ఎప్పుడూ నేనే కూర్చునేదాన్ని. అంతకు వారం ముందు నాన్న వంగి చూసి, "ఈ వెనక ఎడమ టైరొక్కటే ఇంతలా అరిగిందేంటి?" అనడం విన్నాను. నా బరువు వల్లే అనుకుని, అప్పటినుంచీ అన్నం సగమే తింటున్నాను.

సగం దారిలో సరిగ్గా ఆ చక్రం నుంచే పొగ వచ్చింది. నాన్న కారు పక్కకి ఆపి, ఫోన్ మీద ఫోన్ చేశారు. టాక్సీ దొరకలేదు. రెండున్నరయింది. ఆయన మాటిమాటికీ గడియారం చూసుకుంటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

"ఇట్స్ మై ఫాల్ట్, నాన్నా. ఐ యామ్ టూ హెవీ. నేను దిగిపోతా, యూ గో."

నాన్న నన్ను గట్టిగా పట్టుకున్నారు. "నీ వల్ల కాదు తల్లీ," అన్నారు.

ఇంతలో ఒక వ్యానాయన ఆగి, చక్రం చూసి, బ్రేకు పట్టేసి వదలడం లేదనీ, టైరు అరిగింది అందుకేననీ చెప్పాడు. మమ్మల్ని ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపాడు. అప్పటికే అమ్మను లోపలికి తీసుకెళ్ళిపోయారు. సాయంత్రం ఏడింటికి గానీ అమ్మ కళ్ళు తెరవలేదు.

నెల రోజులుగా ఆ బ్రేకు కీచుమంటున్నా, అమ్మ దిగులులో పడి పట్టించుకోలేదని నాన్న చాలా ఏళ్ళకి చెప్పారు. ఆ రోడ్డు పక్కన తప్పంతా తనదేనని కుమిలిపోయింది నేనొక్కదాన్నే కాదు.