కొక్కెం వేసిన చేతులు

పికప్ బండ్లకు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కేలు వెల్డింగ్ చేయడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే షెడ్డు, అదే పొగ. వచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే ముక్క: "లాగుతుందా?" ఆగుతుందా అని అడిగిన మగాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ మాట ఆయనే ఎదురడుగుతాడు కాబట్టి వీధిలో ఆయన పేరే "ఆగుతుందా" అయి కూర్చుంది. అలా పిలిస్తే పలకడు. పిలిచేవాళ్లు మాత్రం మానరు.

మనుషులంటే రోత పుట్టింది ఆయనకు ఈ షెడ్డులోనే. టన్నున్నర లాగే బండితో మూడు టన్నులు లాగుతామంటారు. వెనక కూలబడి, ముందు చక్రాలు తేలిపోయి, స్టీరింగ్ మాట వినకపోయినా "మనకేం కాదులే" అంటారు. ఆ ముక్క చెవిన పడితే ఆయనకు తిన్నది కక్కుకోవాలనిపించేది.

అంతటి మనిషీ అల్లుడి దగ్గర మెత్తబడ్డాడు. ఇసుక తోలే చిన్న ట్రెయిలర్ కోసమేనంటూ అల్లుడు నాలుగు రోజులు ప్రాణం తీస్తే, వాడి బుల్లి పికప్‌కు కొక్కెం వేసిచ్చాడు. కాదంటే ఇంటి గడప తొక్కడేమోనని భయం. ఛీ, అల్లుడి అలకకు జడిసిన వెల్డరు!

వారం తిరక్కుండా ఓ పొద్దున్నే ఆ పికప్ షెడ్డు ముందు ఆగింది. వెనక ట్రెయిలర్ మీద మట్టి తవ్వే యంత్రం. అల్లుడు కిందికి దూకాడు. ముఖం వెలిగిపోతోంది.

"చూశారా మావయ్యా! వెనక కూలబడుతుందన్నారుగా. యంత్రాన్ని ట్రెయిలర్ చివరికంటా జరిపించా. బండి ఎంత తిన్నగా నిలబడిందో!"

తిన్నగానే ఉంది. బరువంతా తోకలో ఉంది మరి. వాలులో వేగం అందుకోగానే ఆ తోక అటూ ఇటూ ఊగి, పికప్‌ను రోడ్డు మీంచి ఈడ్చిపారేస్తుంది. కొండ దిగే రోడ్డు అక్కడికి అయిదు నిమిషాలు.

"దీనికి పెద్ద బండి కావాలి అల్లుడుగారూ. బరువు కాస్త ముందుకుండాలి. దింపించండి."

"మనకేం కాదులెండి. మెల్లగా పోతాంగా."

పోతాం అంటే ఎవరెవరని తొంగిచూస్తే, క్యాబిన్‌లో ఆయన కూతురు.

"దిగమ్మా."

"ఎందుకు నాన్నా? ముందు నాకూ భయమేసింది. కొక్కెం నువ్వేసిందేనని చెప్పారు. నాన్న వేశాడంటే ఇంక చూసుకోవాల్సిందేముందని ఎక్కేశా."

ఇన్నేళ్లూ ఆయన ఎవరెవరినో చీదరించుకున్నాడు. ఇప్పుడు తన చేతులను చూసుకుంటేనే రోత పుట్టింది.

కూతుర్ని చెయ్యి పట్టుకుని దింపాడు. ట్రెయిలర్ చక్రాలకు రాళ్లు అడ్డం వేసి, తోక కిందకి దిగబడకుండా దిమ్మలు పెట్టి, పికప్‌ను విడదీశాడు. లోపలికెళ్లి ఇనుము కోసే మిషను తెచ్చాడు.

"ఏంటండీ ఇది? నలుగురూ చూస్తున్నారు!" అల్లుడు అడ్డం వచ్చాడు.

"పక్కకి తప్పుకోరా!"

అల్లుణ్ని ఆయన 'రా' అనడం అదే మొదలు. అల్లుడు తప్పుకున్నాడు. ఆయన బండి కింద పడుకుని కొక్కేన్ని కోయడం మొదలుపెట్టాడు. తన జన్మలో అంత గట్టి అతుకు ఆయన వేయలేదు. తెగడానికి మధ్యాహ్నమైంది.