మావ దాచుకున్న పొడికర్ర

మా నాన్న కట్టెల అడితిలో పాతికేళ్లు కర్ర కొట్టిన మనిషిని నేను మావా అని పిలిచేదాన్ని. చుట్టరికమేమీ లేదు. మేం చర్చికి వెళ్లేవాళ్లం, ఆయన ఊరి అమ్మవారికి కోడిని కోసే మనిషి. నాన్నని బావా అనేవాడు కాబట్టి నాకు మావ అయ్యాడు.

పొందూరు నుంచి శ్రీకాకుళం వెళ్లే దారి పక్కన ఉండేది మా అడితి. జీడిమామిడి, సరుగుడు, మామిడి దుంగలు లారీలో వచ్చేవి. మావ కొట్టేవాడు, నాన్న బేరాలాడేవాడు, డిగ్రీ అయ్యి ఉద్యోగం రాని నేను కాటా దగ్గర కూర్చునేదాన్ని. ఇళ్లలోకి గ్యాసు వచ్చేసింది కాబట్టి మాకు మిగిలినవి టీ హోటళ్లు, పెళ్లి వంటలు, చావులు. ఈ మూడూ ఎప్పటికీ ఆగవని నాన్న ధైర్యం. బరువు తూగడానికి కొందరు అడితివాళ్లు కర్రల మీద నీళ్లు చల్లుతారని చెప్పుకునేవారు. మా నాన్న అలాంటి పని ఎప్పుడూ చెయ్యలేదు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఆ పని వానే చేసిపెట్టేది.

మావకి ఒక్కటే భయం, వానాకాలంలో చచ్చిపోవడం. వాళ్ల నాన్న శ్రావణమాసం ముసురులో పోయాడట. తడికర్ర అంటుకోక, కిరసనాయిలు పోసి, సైకిలు టైర్లు వేసి, రెండు రోజులు గెడ్డ ఒడ్డున శ్మశానంలోనే కూర్చున్నారట.

"మా అయ్యని కాల్సలేదు బావా, పొగబెట్టినాం," అనేవాడు. "మీకేటి, గొయ్యి తవ్వుకుంటే సరిపోద్ది. మాకు పొడికర్ర గావాల."

అందుకని ఏటా ఎండలు ముదిరినప్పుడే మంచి సరుగుడు, మామిడి ఏరి, చీల్చి, ఎండబెట్టి, షెడ్డులో వెనక మూల గాలి ఆడేటట్టు ఒక దొంతి పేర్చుకునేవాడు. వానలు పోయాక మావ ఇంకా బతికే ఉంటే నాన్న దాన్ని అమ్మేసేవాడు, మళ్లీ ఎండాకాలానికి కొత్త దొంతి లేచేది. వానలున్నన్నాళ్లూ మావ పని దిగేముందు అందులోంచి రెండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టి, టంగుమంటే తడి లేదని తల ఊపి ఇంటికి వెళ్లేవాడు. తన చావుకి తానే సరుకు ఆరబెట్టుకునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ కర్రకి నాది పూచీ అని నాన్న మాటిచ్చాడు. అక్కడితో ఆగక, మా బావ చావు ఎండాకాలంలో వచ్చేటట్టు చూడు ప్రభువా అని ఇంట్లో ప్రార్థన కూడా చేసేవాడు. ఇదెక్కడి ప్రార్థన అని అమ్మ కళ్లు మూసుకునే విసుక్కునేది.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. మావ జ్వరంతో మూడు రోజులుగా పనిలోకి రాలేదు. నాన్న తోట బేరానికని రామతీర్థం వైపు వెళ్లాడు. అప్పుడు దిగాడు పెళ్లి వంట మేస్త్రి, ఆటో వేసుకుని. తెల్లారితే పెళ్లి, తెప్పించుకున్న కర్రంతా తడిసిపోయింది. మా బయటి సరుకు చూసి పెదవి విరిచి, నేరుగా వెనక మూలకి వెళ్లి రెండు పేళ్లు కొట్టి చూశాడు. అవి టంగుమన్నాయి.

అవి అమ్మేవి కావన్నాను. ఎందుకన్నాడు. పెళ్లి కోసం వచ్చినవాడితో ఇవి ఒకాయన చావుకి అని ఎలా చెప్పను? రేటు పెంచాడు. ఇంకొంచెం పెంచాడు. నా బుద్ధి గడ్డి తింది. జ్వరమొచ్చిన మనిషికంటే ముహూర్తం పెట్టుకున్న పెళ్లి తొందర అనుకున్నాను. మావ లేచి వచ్చేలోపు నాలుగు ఎండలు కాయకపోతాయా, మళ్లీ పేర్చేస్తాను అనుకుని దొంతి మొత్తం తూచి ఇచ్చేశాను. చావుకి దాచిన కర్రతో పెళ్లి పప్పు ఉడికింది. ఆ జంట బాగానే ఉన్నారు, ఇద్దరు పిల్లలు.

సాయంత్రం బ్రెడ్డు ప్యాకెట్టు పట్టుకుని మావని చూడ్డానికి వెళ్లాను. మూడు రోజులకే మనిషి సగమైపోయాడు.

"నా కర్ర ఎలాగున్నాదమ్మీ?" అన్నాడు.

"పొడిగానే ఉంది మావా," అన్నాను.

ఎక్కడున్నా పొడిగానే ఉంటుంది కదా, అందులో అబద్ధమేముందని దారంతా నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గులేని బుర్ర, ఇలాంటివి మాత్రం చకచకా అందిస్తుంది.

మర్నాడు నాన్న తిరిగొచ్చాడు. చెబుదామనుకుంటూనే రోజంతా గడిపేశాను. ఆ మర్నాడు పొద్దున్నే మావ పోయాడు. ఆయన తమ్ముళ్లిద్దరు కర్ర కోసం వస్తే నాన్న వాళ్లని షెడ్డు వెనక మూలకి తీసుకెళ్లాడు. అక్కడ కాసిన్ని బెరడు ముక్కలున్నాయి. నాన్న నా వైపు తిరిగాడు. చెప్పేశాను. తిడితే బాగుండు, చెంప మీద ఒకటిస్తే ఇంకా బాగుండు అనిపించింది.

"ఎంతకిచ్చినావు?" అన్నాడు. చెప్పాను.

"మంచి రేటే," అన్నాడు.

తర్వాత తలెత్తి షెడ్డు కప్పు చూశాడు. అన్నీ సరుగుడు వాసాలు, ఇరవై ఏళ్లుగా రేకుల కింద చుక్క తడి ఎరగనివి. రేకులు దించమన్నాడు. కింద సరుకంతా నానిపోతుంది బాబూ అని తమ్ముళ్లు వెనకాడారు. నాన్న తనే నిచ్చెన తెచ్చి వేశాడు. వాసాలు దింపించి, మావ గొడ్డలితో తనే నరికాడు, ఎవరడిగినా గొడ్డలి ఇవ్వలేదు. బేరాలాడిన చేతులు కదా, అరగంటకే బొబ్బలెక్కాయి. నరికినవి తడవకుండా నేనూ అమ్మా బరకం పట్టుకుని నిలబడ్డాం. చితికి గొడుగుగా పట్టడానికి ఆ రేకులే గెడ్డ దాకా మోసుకెళ్లారు. ఆడవాళ్లం అక్కడికి వెళ్లం కాబట్టి తర్వాత ఏమయిందో నేను చూడలేదు.

మూడో రోజు మావ భార్య దగ్గరికి వెళ్లాను. గోడకి చేరగిలబడి కూర్చుంది.

"మీ మావ బాగా కాలినాడంట," అంది. "పొగన్నదే నేదంట."

ఆయన కర్ర అమ్మేసింది నేనేనని, తప్పయిపోయింది అత్తా అని చెప్పాను.

"ఆ ఆటో మా ఈదిలోంచే ఎల్నాది. మంచం గుమ్మంలోనే ఏసున్నాది. తను కొట్టిన కర్ర తనకి తెలవదేటి?"

అంటే నన్ను అడిగేటప్పటికే ఆయనకి తెలుసు.

"నువ్వెలిపోనాక నానే గోల సేసినాను, ఆడగుంట మోసం సేసింది, ఇప్పుడేటి దారి అని. ఊరుకోయే, గుంట అమ్మీసినా ఆళ్లయ్య ఊరుకోడు, నా కర్ర నాకొచ్చేస్తాది అన్నాడు మీ మావ. అటేపు తిరిగి తొంగున్నాడు. ఆ రేత్రి బాగా నిద్రపోనాడు."

ఇంటికొచ్చి ఆ మాట నాన్నకి చెప్పాను. కప్పులేని షెడ్డులో నానిపోయిన కర్రని తిరగేస్తున్నాడు. చేతిలో పేడు కింద పడేసి, బొబ్బల చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.